వడియాల వ్యాను

పక్కింటి ఆంటీ పోయారన్న కబురు నాకు మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పక్కింట్లో ఉంటూ గ్రూపులో తెలుసుకోవడమేమిటని మీరడగొచ్చు. ముందురోజు సాయంత్రం గుండెలో నలతగా ఉందని ఆవిడే కారు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళారు. "చూపించుకునొస్తా, గేటు వేసుకో" అన్నారు నాతో, అంతే. మర్నాడు మధ్యాహ్నం పోయారు. ఆసుపత్రివాళ్ళు సిడ్నీలో ఉన్న కొడుక్కి చెప్పారు, కొడుకు సంఘం అధ్యక్షుడికి చెప్పాడు, అధ్యక్షుడు గ్రూపులో పెట్టాడు. నేను పోర్టులో పని మీద ఉన్నాను. ఫోన్ తీసేసరికి దండాల బొమ్మలు వరసకట్టి ఉన్నాయి.

"వెన్నలాంటి మనసు" అని ఒకావిడ రాసింది. "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అని ఇంకొకావిడ. "చిరునవ్వు చెరగని మాతృమూర్తి" అని అధ్యక్షుడు. నాకు ఏడుపు రావలసిన చోట ఒళ్ళు మండింది. ఆ గ్రూపులో ఆవిడ చేత మాట పడని మనిషి ఒక్కరు లేరు. వెన్న రాసినావిడని ఆంటీ పోయినేడే నిండు సభలో "నీ పులిహోర తింటే నీ మొగుడి మీద జాలేస్తంది" అన్నారు. చిరునవ్వు సంగతి చెప్పాలంటే, పదేళ్ళు గోడ అవతల ఉండి నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో సగం ఎవరో జారిపడినప్పుడు వచ్చినవి. ఆవిడే బతికుండి ఆ గ్రూపు చదివితే "ఎవరే పోయింది? నా పేరు పెట్టుకున్న ఇంకో ముసల్దా?" అని అడిగేవారు.

అందుకని ఇది రాస్తున్నాను. పోయిన మనిషి గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెప్పడానికి అబద్ధాలు ఎందుకో నాకర్థం కాదు.

ఆంటీది నరసరావుపేట వైపు. నలభై ఏళ్ళ కిందట భర్తతో ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న ఈ డార్విన్ వచ్చారు. ఆయన డాక్టరు, చాలా కాలం కిందటే పోయారు. ఆవిడ ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు ముప్పై ఏళ్ళు కూర్చుని బూజులు, క్రిములు చూసిన మనిషి. రిటైరయ్యాక మనుషుల్ని కూడా అలాగే చూసేవారు. ఓ కన్ను సగం మూసి, ఇదే జాతి అని తేల్చుకుంటున్నట్టు.

నన్ను మొదటిరోజే తేల్చేశారు. మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చి, మేము పక్కింట్లో అద్దెకి దిగిన వారంలోనే ఆవిడ ఫెన్సు దగ్గర నిలబడి అడిగారు.

"నువ్వేం చేస్తావమ్మాయ్?"

"మెకానికల్ ఇంజినీర్నండీ. కాకినాడలో చదివాను. వైజాగులో ఆరేళ్ళు ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో చేశాను."

"అది అక్కడ. ఇక్కడేం చేస్తన్నావని."

"ఇంకా ఏం లేదాంటీ. అప్లై చేస్తున్నాను. ఇంట్లోనే ఉన్నాను."

"ఇంట్లో కూర్చున్నదాన్ని ఇంజినీరనరు. సర్టిఫికెట్టంటారు" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి నా పేరు సర్టిఫికెట్టు. "ఏం సర్టిఫికెట్టూ, కాఫీ తాగావా?" "సర్టిఫికెట్టూ, మీ చెత్త బిన్ను రోడ్డు మీదే ఉంది, తీసుకో." మా ఆయన ముందు, పోస్ట్‌మాన్ ముందు, ఎవరి ముందైనా అదే పిలుపు. నేను లోపలికొచ్చి మా ఆయనతో "ఆ ముసలావిడకి పొగరెక్కువ" అని ఏడ్చేదాన్ని. అదీ నిజమే. పొగరెక్కువే. కానీ ఆవిడ పొగరు నా ముఖం మీద చెప్పింది, మిగతావాళ్ళు చెప్పనిదాన్నే.

మిగతావాళ్ళు అంటే మా సంఘం పెద్దమనుషులు. అధ్యక్షుడు సివిల్ ఇంజినీరు. కార్యదర్శి ఎలక్ట్రికల్. కోశాధికారి డిఫెన్సు కాంట్రాక్టులో ఏదో ఇంజినీరు, ఏదో ఆయనకీ తెలియదు. ముగ్గురూ ఒకరినొకరు "సార్" అని పిలుచుకుంటారు. "ఏమైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి అంకుల్" అని నేను అడిగితే, అధ్యక్షుడు నవ్వి "డార్విన్‌లో లేడీస్‌కి మెకానికల్ అంటే కష్టమమ్మా. లోకల్ ఎక్స్‌పీరియెన్స్ అడుగుతారు. చైల్డ్‌కేర్ కోర్సు చేసేయకూడదూ" అన్నాడు. అని, ప్రసాదం పొట్లాలు కట్టే కమిటీలో నా పేరు రాశాడు. మూడేళ్ళు పొట్లాలు కట్టాను. నీట్‌గా కడతానని పేరు కూడా వచ్చింది. అంతకంటే నీచమైన పొగడ్త నా జన్మలో వినలేదు.

వడియాల సంగతికి వస్తాను. డార్విన్‌లో రెండే కాలాలు. మే నుంచి ఎండాకాలం, ఒక్క చినుకు పడదు. నవంబరు నుంచి వానాకాలం, పొద్దున ఎండ చుర్రుమని, మధ్యాహ్నానికి నల్లగా మూసుకొచ్చి కుండపోత. గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకునే ఉంటుంది. ఫిబ్రవరిలో అయితే బీరువాలో చెప్పులకి కూడా బూజు పడుతుంది. ఇక మన తెలుగువాళ్ళు వడియాలు ఎప్పుడు పెడతారు? మాఘమాసంలో. రథసప్తమి వెళ్ళాక, ఎండ ముదిరాక. కాకినాడలో ముదురుతుంది. డార్విన్‌లో మాఘమాసమంటే ఫిబ్రవరి. అయినా మా సంఘం ప్రతి మాఘంలోనూ కమ్యూనిటీ హాలు వెనకాల సామూహికంగా గుమ్మడి వడియాల కార్యక్రమం పెట్టేది. ప్రతి ఏడూ బూజు పట్టేది. ప్రతి ఏడూ "ఈసారి వానలు ఎక్కువ పడ్డాయి" అనుకుని పారేసేవారు. జూలైలో పెడదామని ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. ఆంటీయే చెప్పారు, పదిహేనేళ్ళ కిందట. "ఆషాఢంలో ఎవరైనా వడియాలు పెడతారా?" అని నవ్వారట.

"పంచాంగం చూసుకుని కాసే ఎండ ఏ దేశంలోనూ లేదు" అని ఆంటీ వాళ్ళతో ఆ విషయం మాట్లాడ్డం మానేశారు. కానీ ప్రతి ఏడూ ఆ కార్యక్రమానికి వచ్చేవారు. కుర్చీ వేసుకుని చూడ్డానికి.

నేను వెళ్ళిన మొదటి ఏడు పదిమంది ఆడవాళ్ళం మినప్పప్పు రుబ్బి తెచ్చుకుని గంటసేపు ఊరికే నిలబడ్డాం. బూడిద గుమ్మడికాయని మొదట ఆడది కొట్టకూడదు కదా. అధ్యక్షుడు ఆఫీసులో మీటింగు ముగించుకుని రావాలి, కత్తి పెట్టాలి. ఆయన టై వదులు చేసుకుంటూ వచ్చి, ఒక్క వేటు వేసి, ఫొటో దిగి, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆంటీ కుర్చీలోంచి "సర్జన్ గారు వచ్చి వెళ్ళారు, ఇంక కుట్లు వేసుకోండి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

మూడో ఏట నేను హాలుకి వెళ్ళలేదు. పొట్లాల మీద విరక్తి పుట్టి, ఇంట్లోనే పెట్టుకుంటానన్నాను. మా అమ్మ ఫోనులో "రథసప్తమి వెళ్ళిపోయింది, ఎండ ముదిరింది, పెట్టుకోవే" అంది. అమ్మ కిటికీలోంచి చూసి చెప్పిన ఎండ అది. నేను మెకానికల్ ఇంజినీరుని, వాతావరణం యాప్ చేతిలో ఉన్నదాన్ని, అమ్మ మాట విని ముక్కలు కోసి, ఉప్పు వేసి, గుడ్డలో మూటకట్టి రోలు బరువు పెట్టి నీరు దించి, పప్పు గట్టిగా రుబ్బి, వెనక వరండాలో దుప్పటంత పెట్టాను. మూడో రోజుకి ఆకుపచ్చ నూగు.

ఆంటీ ఫెన్సు మీదుగా చూసి, లోపలికి వెళ్ళి, చిన్న పట్టకారు పట్టుకుని వచ్చారు. ఒక వడియం ఎత్తి వెలుతుర్లో తిప్పి చూశారు.

"ఆస్పర్‌జిల్లస్. చక్కగా పెరిగింది. మీ సంఘం కంటే దీనికే క్రమశిక్షణ ఉంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడియాల కోసం కాదు. ఆ వారంలోనే మూడు కంపెనీల నుంచి "మీకన్నా తగిన అభ్యర్థి దొరికారు" అని ఉత్తరాలు వచ్చాయి. ఆ మాటే ఆవిడతో అనేశాను, వెక్కుతూ. ఓదారుస్తారనుకున్నాను కాబోలు, వెర్రిదాన్ని.

"ఏడుపు తర్వాత. ఇంజినీరువంట గదా. ఈ ఊళ్ళో ఫిబ్రవరిలో వడియం ఎండబెట్టు. కరెంటు ఓవెను, గీవెను పనికిరాదు. ఎండతోనే. ఎండబెట్టావా, నిన్ను ఇంజినీరంటా. లేదంటే ఆ కాయితం మడిచి పెట్లో పెట్టుకుని చైల్డ్‌కేరుకి పో."

ఆ పందెం ఆవిడకి వేళాకోళం. నాకు కాదు. ఈ దేశంలో ఒక్క మనిషి నోటి నుంచైనా ఆ మాట వినాలని నాకుండేది. మూడేళ్ళు ఎవరూ అనకపోతే, మన చదువు మనకే అబద్ధంలా అనిపిస్తుంది. నేను వైజాగులో నిజంగా బాయిలర్లు చూశానా, లేక ఎవరో చెబితే విన్నానా అని కూడా అనుమానం వచ్చిన రోజులున్నాయి.

వ్యాను ఆ తర్వాతి వారం దొరికింది. ఆంటీ పాత కారుకి పక్క అద్దం విరిగితే, కొత్తది కొనడం మూర్ఖుల పని అని నన్ను వెంటేసుకుని తుక్కు యార్డుకి వెళ్ళారు. దాని యజమాని ముసలి గ్రీకు ఆయన. చచ్చిన కార్ల మధ్య పడకకుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆవిడ ఆయనతో అద్దం కోసం వాదిస్తుంటే, వాన మొదలైందని నేను దగ్గర్లో ఉన్న ఓ వ్యానులోకి ఎక్కి తలుపు లాక్కున్నాను. ఒకప్పుడు బ్రెడ్డు పంచిన వ్యాను అది. ఇంజను పీకేశారు. పక్కలా వెనకా అద్దాలున్నాయి. లోపల మొహం మాడిపోయేంత వేడి. బయట వాన, లోపల కొలిమి. కానీ నా కళ్ళజోడు మసకబారి, అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. వేడి ఉంది, తడి బయటికి పోవడం లేదు. వేడిని మనం చెయ్యక్కర్లేదు, తడికి దారి చూపిస్తే చాలు. ఆ సంగతి బుర్రలోకి రాగానే మూడేళ్ళుగా ముడుచుకుపోయిన మనిషిని వ్యానులోంచి గెంతి, వానలో తడుస్తూ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"ఆంటీ, నాకీ వ్యాను కావాలి."

ఆవిడ వ్యానుని చూశారు, నన్ను చూశారు. గ్రీకు ఆయనతో "అద్దం వద్దు, ఆ శవాన్ని మా ఇంటికి తెచ్చి పడెయ్" అన్నారు.

అది మా వీధిలోకి వచ్చిన రోజు సంఘం గ్రూపులో ఫొటో తిరిగింది. మర్నాడే అధ్యక్షుడు వచ్చాడు, ఆంటీ డ్రైవ్‌వేలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"ఆంటీ, ఏమనుకోవద్దు. తుక్కు తెచ్చి ఇంటి ముందు పెట్టుకుంటే లోకల్స్ ఏమనుకుంటారు? మన తెలుగువాళ్ళ పరువు పోతుంది కదా."

"నీ పరువు నా డ్రైవ్‌వేలో ఎందుకు పెట్టావయ్యా? తీసుకుపో."

ఆయన కారెక్కేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత వ్యానుని ఇంటి పక్కకి తోయించారు, పరువు కోసం కాదు, అక్కడ ఎండ ఎక్కువసేపు పడుతుందని నేను చెబితే.

మొదటి దఫా నా మొహంలా వచ్చింది. పాత తలుపుల దోమల జాలీ పీకి అరలు కట్టాను, లోపల రేకులకి నల్లరంగు వేశాను, వడియాలు పెట్టి తలుపులు బిగించాను. సాయంత్రం తెరిస్తే వడియాలు ఆవిరికి ఉడికి, కప్పు మీంచి నీళ్ళు కారి, ఇడ్లీలకీ వడియాలకీ మధ్య ఏదో జీవి తయారై ఉంది. కంపు వీధి చివరికి వెళ్ళింది. ఆంటీ ముక్కు మూసుకుని "వైజాగులో నిన్ను ఆరేళ్ళు భరించారంటే ఆ ఫ్యాక్టరీవాళ్ళకి దండం పెట్టాల" అన్నారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ అరలన్నీ నాతో సమానంగా కడిగారు, మధ్యమధ్య తిడుతూ.

తర్వాత గాలి దారి సంగతి ఆలోచించాను. ఇక్కడి ఇళ్ళ కప్పుల మీద గాలికి తిరిగే రేకు పంకాలుంటాయి, ఉల్లిపాయ ఆకారంలో. లోపలి వేడిగాలిని పైకి లాగేస్తాయి, వాన లోపలికి రానివ్వవు. ఆంటీ ఒక్కరే యార్డుకి వెళ్ళి గ్రీకు ఆయన దగ్గర పాతదొకటి పట్టుకొచ్చారు. వ్యాను కప్పు కోసి దాన్ని బిగించాను. కింద నేలకి నాలుగు చోట్ల కన్నాలు పెట్టి జాలీ కొట్టాను. పొద్దు వాలితే బయటి తడిగాలి లోపలికి రాకుండా ఆ కన్నాలకి మూతలు పెట్టాలి. ఆ మూతల పని ఆంటీ తీసుకున్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి మోకాళ్ళు పట్టుకుని వంగి, వ్యాను కింద నాలుగు మూతలు బిగించేవారు. నేను చేస్తానంటే "నువ్వు చేస్తే మూడే వేస్తావు" అనేవారు.

రెండో దఫా తలుపు వైపు వడియాలు మెత్తగా ఉండిపోయాయి, లోపలివి గలగలలాడాయి. కన్నాలు జరిపాను. మూడో దఫా, ఫిబ్రవరి ఆఖర్లో, రోజూ మధ్యాహ్నం వాన కొడుతుండగా, నాలుగు రోజుల్లో వ్యాను నిండా వడియాలు ఎండాయి. విరిస్తే ఫట్టున విరిగాయి. ఆంటీ ఒకటి పట్టకారుతో ఎత్తి వెలుతుర్లో చూశారు. రెండు ముక్కలు చేసి చూశారు. లోపలికి తీసుకెళ్ళి నూనెలో వేశారు. తిన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా.

"ఉప్పెక్కువ" అన్నారు.

"ఆంటీ, పందెం."

"ఒకసారి ఎండితే అది ఎండ గొప్ప. పదేళ్ళు ఎండితే అప్పుడు నీ గొప్ప. పో సర్టిఫికెట్టూ, మూతలేసే వేళయింది."

నాకు ఎంత కోపం వచ్చిందంటే రెండు రోజులు ఫెన్సు వైపు వెళ్ళలేదు.

వ్యాను సంగతి తెలిసి, నవ్వినవాళ్ళే పళ్ళాలు పట్టుకుని వచ్చారు. ఏ మొహం పెట్టుకుని వచ్చారో నాకు తెలియదు. "మేము అప్పుడే అనుకున్నాం, అమ్మాయి తెలివైనదని" అని ఒకావిడ. ఆంటీ వాళ్ళని వ్యాను ముందు వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి పిండిలో వేలు పెట్టి చూసేవారు. "నీళ్ళు పోసి రుబ్బావు. తీసుకుపోయి అట్లు పోసుకో." "ఇంగువ ఎవరు వెయ్యమన్నారు ఇంత? దయ్యం పట్టిందా?" పొమ్మన్నా పోకుండా నవ్వుతూ నిలబడేవారు. అధ్యక్షుడి భార్య కూడా నిలబడింది. ఆవిడ గుమ్మడికాయని ఆంటీ అందరి ముందూ తనే కత్తి పుచ్చుకుని నరికారు. ఆకాశం విరిగి పడలేదు.

ఉద్యోగం సంగతి చెప్పి తీరాలి. అదే ఏడు పోర్టు దగ్గర మామిడికాయల ప్యాకింగు షెడ్డులో గాలి, చల్లదనం చూసే మెయింటెనెన్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మళ్ళీ లోకల్ ఎక్స్‌పీరియెన్స్ అడుగుతారని నా భయం. ఆంటీ నన్ను వ్యాను వెనక మెట్టు మీద కూర్చోబెట్టి, ఎదురుగా బకెట్ బోర్లించి కూర్చుని "వాళ్ళకేం చెబుతావో నాకు చెప్పు, ఇంగ్లీషులో" అన్నారు. నేను మొదలుపెట్టాను. ఐ థింక్ ది ఎయిర్‌ఫ్లో అన్నానో లేదో ఆపేశారు.

"ఐ థింక్ ఎందుకు? నువ్వు అనుకోలా, చేశావు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. "నసగొద్దు." మళ్ళీ. "నవ్వొద్దు, నువ్వేమన్నా పళ్ళ డాక్టరు దగ్గరకి పోతున్నావా?" మళ్ళీ. నాలుగు సాయంత్రాలు, దోమల్లో. మా అమ్మ కూడా నా కోసం అంత ఓపిక పట్టలేదు. ఇంటర్వ్యూలో వాళ్ళు లోకల్ ఎక్స్‌పీరియెన్స్ అడిగారు. వ్యాను గురించి చెప్పాను, ఆవిడ చెప్పించినట్టే. వాళ్ళు ఫొటోలు అడిగి చూశారు. ఉద్యోగం ఇచ్చారు.

పరిగెత్తుకెళ్ళి చెబితే ఆంటీ "గాలికి దారి చూపిస్తే జీతమిస్తారా? మంచి దేశం" అన్నారు. లోపలికెళ్ళి ఒక గిన్నెడు సేమ్యా పాయసం తెచ్చి నా చేతిలో పెట్టారు. కబురు రాకముందే ఎలా కాచారని అడిగితే "పాలు విరుగుతాయని" అన్నారు. విరుగుతున్న పాలతో పాయసం ఎవరూ కాయరు.

ఈ ఫిబ్రవరి వస్తే ఎనిమిదేళ్ళు. ఒక్క ఏడూ బూజు పట్టలేదు. ఆవిడ చివరిదాకా నన్ను సర్టిఫికెట్టనే పిలిచారు. నేను పైకి నవ్వేదాన్ని గానీ, ఆ ఒక్క మాట కోసం ఎదురుచూడని రోజు లేదు. షెడ్డులో పాతికమంది ఇంజినీరంటారు నన్ను. వాళ్ళందరూ అన్నా ఆవిడ అనకపోవడం నాకు తెలుస్తూనే ఉండేది. పదేళ్ళు కాకుండానే ఆవిడ పోయారు. నాకు దుఃఖంతోపాటు ఉక్రోషం కూడా వచ్చింది, దాచుకోను.

కొడుకు సిడ్నీ నుంచి వచ్చాడు. క్వేకర్స్ హిల్‌లో ఉంటాడు, ఐటీ. చెడ్డవాడేం కాదు, తొందరగలవాడు. కార్యక్రమాలన్నీ కుదించి, ఆఖరి రోజు అందరినీ భోజనానికి పిలిచాడు. మర్నాడు ఫ్లైటు, ఇల్లు అమ్మకానికి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తెల్లటి లాల్చీల్లో వచ్చారు. అధ్యక్షుడు మాతృమూర్తి గురించి ఇంకోసారి మాట్లాడాడు. "వడియాల వ్యాను ఆలోచనకి మా సంఘం మొదటినుంచీ వెన్నంటి ఉంది" అన్నాడు. నేను చేతిలో ఉన్న విస్తరిని రెండుగా చింపాను.

కొడుకు నా దగ్గరికి వచ్చి "అక్కా, ఆ వ్యాను, ఐ మీన్, రియల్ ఎస్టేట్ వాళ్ళు తీసేయమన్నారు. అమ్మ ఫోన్లో స్క్రాప్ ఆయన నంబరుంటే ఈ ఆర్వో, అదే, మధ్యాహ్నం రమ్మన్నాను. ఈజ్ దట్ ఓకే?" అన్నాడు. అప్పటికే పిలిచేశాక అడగడం ఈ కాలపు మర్యాద. నాది కానిదాన్ని ఉంచమని ఏ హక్కుతో అడగను? తలూపాను.

మూడింటికి గ్రీకు ముసలాయన ట్రక్కుతో వచ్చాడు. మబ్బు పట్టి ఉంది. దిగి, టోపీ తీసి, ఇంటివైపు ఓ నిమిషం చూశాడు. గొలుసు చేతిలోకి తీసుకుని, వాకిట్లో నిలబడ్డ జనం వైపు తిరిగి "మీలో ఇంజినీరు ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మూడు లాల్చీలూ ఒక్కసారి ముందుకు కదిలాయి. "యెస్, ఐ యామ్ ఎన్ ఇంజినీర్" అన్నాడు అధ్యక్షుడు. "మీ టూ" అన్నాడు కార్యదర్శి. కోశాధికారి చెయ్యెత్తాడు.

ముసలాయన వాళ్ళని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసి తల అడ్డంగా ఊపాడు. "మీరు కాదు. ఈ ఇంటావిడకి ఒక ఇంజినీరు ఉండాలి. కప్పు మీద పంకా కోసం వచ్చినప్పుడు చెప్పింది నాకు. 'మా ఇంజినీరు అడిగింది, మంచిది చూసి ఇవ్వు' అని. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా అదే మాట, మా ఇంజినీరు, మా ఇంజినీరు. ఓ రోజు మాట తీసుకుంది నా దగ్గర. నేను పోతే నా కొడుకు నిన్ను పిలుస్తాడు, గొలుసు వేసేముందు మా ఇంజినీర్ని అడుగు, పని చేస్తోందంటే ముట్టుకోకు, అని."

కప్పు మీద పంకా బిగించక ముందే, ఒక్క వడియం కూడా ఎండక ముందే ఆవిడ ఆ మాట అనేశారు. నాకు చెప్పకుండా తుక్కు యార్డులో చెప్పుకున్నారు. ఆ ముసలావిణ్ణి ఆ క్షణంలో ఎంత తిట్టుకున్నానో ఆవిడకే తెలియాలి.

చెయ్యి ఎత్తాను. "నేనే" అన్నాను.

"పని చేస్తోందా?"

"చేస్తోంది."

ఆయన గొలుసు కింద పడేశాడు. కొడుకు నన్నూ వ్యానునీ మార్చి మార్చి చూసి, "అయితే మీరే ఉంచుకోండక్కా, ప్లీజ్" అన్నాడు. మా వెనకవాకిలి ఫెన్సు అవతలే ఉంది, కానీ సందులోకి ట్రక్కు పట్టదు. ముసలాయన నాలుగు చక్రాలకీ గాలి కొట్టి, నడుము పట్టుకుని లేచి, "తోయాలి" అన్నాడు, లాల్చీల వైపు చూస్తూ.

నేను డ్రైవరు సీట్లోకి ఎక్కి హ్యాండ్‌బ్రేకు దించాను. వాన మొదలైంది. వెనక నుంచి సివిలూ ఎలక్ట్రికలూ డిఫెన్సూ భుజాలానించి తోస్తుంటే, బురదలో చెప్పులు జారుతుంటే, వ్యాను అంగుళం అంగుళం కదిలింది. సందు మలుపు దగ్గర ఆగింది. అధ్యక్షుడు తడిసి తుప్పు అంటిన లాల్చీతో కిటికీ దగ్గరికి వచ్చి, రొప్పుతూ అడిగాడు.

"ఎటు తోయమంటారు మేడమ్?"